ముప్పైసార్లు వెలుగులో నిలబడే ముందు

తెనాలిలో మా పెద్దమ్మ నలభై ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది. రోజూ పొద్దుపోయేసరికి ఆమె కుట్టుమిషను నల్లటి రేకు మీద తెల్లటి పొట్టు పరుచుకుని ఉండేది. చిన్నప్పుడు అది గుడ్డల పీచనుకునేదాన్ని. మోచేతుల మీంచి రాలిన చర్మం అది. కొలతలివ్వడానికి ఎవరైనా వస్తున్నారంటే ముందు తడిగుడ్డతో మిషను తుడిచేది, తరవాత చేతులు కొంగులో దాచుకునేది. సోరియాసిస్ అంటుకునే జబ్బు కాదని ఆమెకు తెలుసు. వచ్చేవాళ్లకు తెలియదు.

పూతమందులతో పని కావడం లేదని గుంటూరులో డాక్టరుగారు లైట్ ట్రీట్‌మెంట్ రాశారు. వారానికి మూడు రోజులు, పది వారాలు. పోను పాతిక, రాను పాతిక కిలోమీటర్లు. రెండుసార్లు కుదరక మానేసింది, ఇరవై ఎనిమిదిసార్లు వెళ్లింది. అంటే 1,400 కిలోమీటర్ల ప్రయాణం, ఇరవై ఎనిమిది పూటల కుట్టుకూలి. ఆమెతో పాటు అదే వారం మొదలుపెట్టిన కుర్రాడొకడు ఉండేవాడు. పద్దెనిమిదోసారికే అతని ఒళ్లు తేటపడింది. పెద్దమ్మకు సగం తగ్గి అక్కడే ఆగిపోయింది.

"అదే గది, అదే లైటు, అదే నర్సమ్మ. నా ఒంట్లో ఏం తేడా ఉందే?" అని అడిగింది నన్ను.

ఆమె అడిగిందే కొన్ని పరిశోధనశాలలూ ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. మొదటిసారి లైటు ముందు నిలబడకముందే కాస్త నెత్తురు తీసి, డీఎన్‌ఏ చదివి, ఈమెకు తగ్గుతుంది, ఈయనకు తగ్గదు అని చెప్పగలమా? ఈ ప్రశ్నకు ఇంతవరకూ దొరికిన జవాబు అంకెల్లోనే ఉంది. పెద్దమ్మకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను.

తగ్గడం అంటే ఎంత?

సోరియాసిస్ తీవ్రతను కొలవడానికి డాక్టర్లు వాడే స్కోరు పేరు పాసీ. ఒంటిని నాలుగు భాగాలుగా చూస్తారు. తలకు 10 శాతం, చేతులకు 20, మొండేనికి 30, కాళ్లకు 40 శాతం వాటా. ఒక్కో భాగంలో ఎరుపుకు, మందానికి, పొట్టుకు విడివిడిగా 0 నుంచి 4 దాకా మార్కులు వేస్తారు. మచ్చలు ఎంతమేర పాకాయో దానికి 0 నుంచి 6 దాకా మార్కులు. వాటాల ప్రకారం హెచ్చవేసి కూడితే 0 నుంచి 72 మధ్యలో ఒక అంకె తేలుతుంది. పెద్దమ్మ చీటీ మీద మొదటి రోజు 14 ఉంది, చివరి రోజు 7. డాక్టర్లు మంచి ఫలితంగా లెక్కగట్టేది 75 శాతం తగ్గుదలను. దాన్ని పాసీ-75 అంటారు. పెద్దమ్మ ఆ గీత దాటాలంటే 3.5కు దిగిరావాలి.

ఎంతమంది ఆ గీత దాటుతారు? చాలా అధ్యయనాలను ఒకచోట చేర్చి 2013లో వెలువడిన సమీక్ష ప్రకారం, ఇప్పుడు ఎక్కువగా వాడే నారోబ్యాండ్ యూవీబీ లైటుతో సగటున 62 శాతం మంది పాసీ-75 అందుకున్నారు. సోరలెన్ మాత్ర వేసుకుని యూవీఏ లైటు కింద నిలబడే పాత పద్ధతి, అంటే పూవాతో 73 శాతం. అంటే నారోబ్యాండ్ తీసుకున్నవాళ్లలో నూటికి ముప్పై ఎనిమిది మంది మా పెద్దమ్మ వరసలో నిలబడ్డవాళ్లే.

అయితే ఈ ముప్పై ఎనిమిది మందీ జన్యువుల వల్లే అక్కడ ఆగారనుకుంటే పొరపాటు. 2024లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. 42 క్లినిక్కులు, 783 మంది రోగులు. సగం మందికి ఇంట్లో పెట్టుకునే లైటు యంత్రం ఇచ్చారు, మిగతా సగం క్లినిక్కుకు వచ్చి తీసుకున్నారు. పన్నెండు వారాల తరవాత ఒళ్లు పూర్తిగానో, దాదాపు పూర్తిగానో తేటపడినవారు ఇంటి బృందంలో 32.8 శాతం, క్లినిక్కు బృందంలో 25.6 శాతం. రెండు చోట్లా వాడింది ఒకే రకం కిరణాలు. తేడా వేరేచోట ఉంది. పన్నెండు వారాలూ వారానికి కనీసం రెండుసార్లు క్రమంగా తీసుకున్నవారు ఇంట్లో 51.4 శాతం. క్లినిక్కులో 15.9 శాతమే.

ఈ చివరి అంకెను మళ్లీ ఒకసారి చదవండి. క్లినిక్కుకు వెళ్లాల్సినవాళ్లలో ఆరుగురిలో ఒక్కరే క్రమం తప్పకుండా వెళ్లగలిగారు. కార్లున్న దేశంలో పరిస్థితి ఇది. తెనాలి నుంచి గుంటూరుకు బస్సులో పోయివచ్చే కుట్టుపని మనిషి ముప్పైకి ఇరవై ఎనిమిదిసార్లు వెళ్లిందంటే అది మామూలు పట్టుదల కాదు. ఎవరికైనా తగ్గకపోతే జన్యువుల్ని తప్పుపట్టే ముందు ఎన్నిసార్లు వెళ్లారో లెక్కపెట్టాలి. పెద్దమ్మ విషయంలో ఆ లెక్క సరిగ్గానే ఉంది. కాబట్టి ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది.

311 నానోమీటర్లు

ఎండకూ చర్మానికీ ఉన్న సంబంధం మనవాళ్లకు కొత్త కాదు. చర్మరోగాలు పోవాలని శ్రీకాకుళం దగ్గర అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బొల్లికి బావంచాలు నూరి రాసి ఎండలో కూర్చోబెట్టడం పాత వైద్యం. పూవాలో వాడే సోరలెన్ జాతి రసాయనాలు ఆ బావంచ గింజలోనూ ఉంటాయి. ఆధునిక వైద్యంలో డెన్మార్క్ డాక్టరు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది చర్మక్షయకు వెలుతురుతో చికిత్స చేసినందుకే. 1925లో అమెరికాలో గోకర్‌మన్ తారు పూసి అతినీలలోహిత కిరణాలు పెట్టే పద్ధతి తెచ్చాడు. 1974లో పూవా వచ్చింది.

అసలు మలుపు 1981లో. పారిష్, యానికె అనే ఇద్దరు పరిశోధకులు ఏ తరంగదైర్ఘ్యం సోరియాసిస్‌ను తగ్గిస్తుందో ఒక్కొక్కటిగా పరీక్షించారు. 290 నానోమీటర్లు, అంతకంటే తక్కువ ఉన్న కిరణాలు చర్మాన్ని కాల్చాయే తప్ప మచ్చల్ని తగ్గించలేదు. 296 నుంచి 313 మధ్య ఉన్నవి తగ్గించాయి. అంటే కాల్చే కిరణాలు వేరు, నయం చేసే కిరణాలు వేరు. దాని ఆధారంగా 311 నానోమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వెలిగే ట్యూబులు తయారయ్యాయి. వాటితో చేసిన చికిత్స ఫలితాలు 1988లో అచ్చయ్యాయి. మన ఆస్పత్రుల్లో నిలువెత్తు పెట్టెలో నాలుగు వైపులా నీలంగా వెలిగేవి ఆ జాతి ట్యూబులే. మధ్యాహ్నపు ఎండలో కూర్చుంటే రెండు రకాల కిరణాలూ కలిసి పడతాయి. ఆ ఎండ ఈ పెట్టెకు బదులు కాదు.

ఎవరికి ఎంత మోతాదుతో మొదలుపెట్టాలి? ఇక్కడే మొదటిసారి మనిషికీ మనిషికీ తేడా బయటపడుతుంది. పద్ధతిగా చేసేచోట ముందు నడుము మీద ఒక చిన్న పరీక్ష పెడతారు. వరసగా కిటికీలున్న అట్టముక్కను అక్కడ అంటించి, ఒక్కో కిటికీకి కాస్త కాస్త ఎక్కువ మోతాదు ఇస్తారు. మర్నాడు చూస్తే మొదటి కిటికీల కింద ఏమీ ఉండదు, ఒకచోట లేత ఎరుపు మొదలవుతుంది. ఆ మోతాదులో 70 శాతంతో చికిత్స మొదలు. ఈ పరీక్ష వీలుకానిచోట చర్మం రంగును బట్టి లెక్క. అమెరికన్ మార్గదర్శకాల ప్రకారం తెల్లటి చర్మానికి చదరపు సెంటీమీటరుకు 300 మిల్లీజౌళ్లు, చామనఛాయకు 500, నల్లటి చర్మానికి 800. పెద్దమ్మది 500 మెట్టు. ప్రతిసారీ వంద పెంచుకుంటూ పోతే ఇరవయ్యోసారికి 2,400. ట్యూబుల బలం చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు అనుకుంటే మొదటి రోజు వంద సెకన్లు, ఇరవయ్యో రోజు ఎనిమిది నిమిషాలు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుని, ఆ ఎనిమిది నిమిషాలూ ఆమె లలితాసహస్రం చదువుకునేదట.

కిటికీల పరీక్ష చర్మం ఎప్పుడు ఎర్రబడుతుందో చెబుతుంది. జబ్బు తగ్గుతుందో లేదో చెప్పదు. జన్యువుల్లో వెతకడం మొదలుపెట్టింది ఆ రెండో సంగతి కోసం.

కిరణం పడ్డాక

మామూలుగా చర్మపు పైపొర కణం అడుగున పుట్టి పైకొచ్చి రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది. సోరియాసిస్ మచ్చలో ఆ పని కొద్దిరోజుల్లోనే అయిపోతుంది. పండకముందే రాలిన కణాలే ఆ పొట్టు. వాటిని తరుముతున్నది రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు, ఐఎల్-23, ఐఎల్-17 అనే సంకేతాలు. 311 నానోమీటర్ల కిరణం కణంలోని డీఎన్‌ఏను తాకి దెబ్బతీస్తుంది. మరమ్మతు కుదిరిన కణం బతుకుతుంది, కుదరనిది తనంతట తాను చచ్చిపోతుంది. అదుపుతప్పిన చర్మకణాలూ, వాటిని రెచ్చగొడుతున్న టి కణాలూ అలా తగ్గిపోతాయి. మరోపక్క అదే కిరణం చర్మంలో విటమిన్ డి తయారుచేయిస్తుంది. ఐర్లండులో చలికాలంలో జరిపిన ఒక అధ్యయనంలో లైటు తీసుకున్న రోగుల నెత్తురులో విటమిన్ డి మధ్యస్థ విలువ మిల్లీలీటరుకు 23 నుంచి 59 నానోగ్రాములకు పెరిగింది.

డీఎన్‌ఏ మరమ్మతు, కణాల చావు, రోగనిరోధక సంకేతాలు, విటమిన్ డి. వీటిలో ప్రతిదానికీ జన్యువులున్నాయి. ఆ జన్యువుల్లో మనిషికీ మనిషికీ అక్షరాలు మారతాయి. మరి ఆ అక్షరాలు చదివితే ఫలితం ముందే తెలియాలి కదా?

ఈ ఆలోచనకు బలమిచ్చింది జబ్బు పుట్టుక మీద జరిగిన పరిశోధన. డెన్మార్క్ కవలల మీద 2013లో వచ్చిన అధ్యయనం సోరియాసిస్ వచ్చే అవకాశంలో 68 శాతం తేడా జన్యువుల వల్లేనని లెక్కకట్టింది. ఆరో క్రోమోజోము మీద హెచ్‌ఎల్‌ఏ-సి*06:02 అనే రూపం ఆ జన్యుకారణాలన్నిటిలో బలమైనది. అది ఉన్నంత మాత్రాన జబ్బు ఖాయమేమీ కాదు, అది ఉన్నవాళ్లలో చాలామంది జీవితమంతా శుభ్రమైన చర్మంతోనే బతుకుతారు. 2025లో 36,466 మంది రోగుల, 4,58,078 మంది ఆరోగ్యవంతుల జన్యువులను పోల్చి చూసిన పరిశోధకులు సోరియాసిస్‌తో సంబంధమున్న చోట్లు 109 అని తేల్చారు. వాటిలో 46 అంతకుముందు తెలియనివి.

ఇవన్నీ జబ్బు ఎవరికి వస్తుందో చెప్పేవి. లైటుతో ఎవరికి పోతుందో చెప్పేవి వేరే కావచ్చు. తాళం పడడానికి కారణం ఒకటి, తాళంచెవి పనిచేయడానికి కారణం ఇంకొకటి. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు, జన్యుపరీక్షలు అమ్మేవాళ్లు మరీను.

119 మంది

లైటుకు స్పందన గురించి తరచు ప్రస్తావించే జన్యు అధ్యయనం డబ్లిన్ నగరంలో జరిగింది. 2010లో అచ్చయింది. నారోబ్యాండ్ యూవీబీ తీసుకున్న 119 మంది. పరిశోధకులు చూసినవాటిలో ముఖ్యమైనది వీడీఆర్, అంటే విటమిన్ డిని కణం లోపల అందుకునే ప్రొటీనుకు జన్యువు. దానిలో టాక్1 అని పిలిచే ఒకచోట కొందరికి టి అక్షరం ఉంటుంది, కొందరికి సి. విటమిన్ డి పనితీరును మందగింపజేస్తుందనుకునే సి అక్షరం ఉన్నవాళ్లకు చికిత్స తరవాత జబ్బు త్వరగా తిరగబెట్టింది. గమనించండి, ఈ అక్షరం చెప్పింది ఎవరికి తగ్గుతుందని కాదు, తగ్గినది ఎంతకాలం నిలుస్తుందని. 2021లో పోలండు పరిశోధకులు అదే వీడీఆర్ జన్యువులో ఇంకోచోట ఉన్న మార్పుకు, లైటు ఫలితానికి సంబంధం ఉందన్నారు. జన్యువు ఒకటే, వేలు పెట్టిన చోటు వేరు.

స్కాట్లండులోని డండీ బృందం పూవా మీద పనిచేసింది. అక్కడ వాళ్లకు దొరికినవి చర్మం కాలడానికి సంబంధించిన జన్యువులు. ఎర్రజుట్టు, తెల్లచర్మానికి కారణమైన ఎంసీ1ఆర్ జన్యువులోని రూపాలకు, పూవాతో చర్మం ఎంత తొందరగా ఎర్రబడుతుందనేదానికి లంకె ఉందని 2007లో చూపారు. ఒంట్లోని విషపదార్థాలను విరిచే జీఎస్‌టీఎం1 అనే జన్యువు కొంతమందికి పుట్టుకతోనే ఉండదు. యూరప్‌లో దాదాపు సగం మంది అలాంటివాళ్లే. అది లేనివాళ్లు పూవాకు తక్కువ మోతాదులోనే కమిలిపోయే అవకాశం ఎక్కువని 2012లో అదే బృందం రాసింది.

పూవా విషయంలో ఇది చిన్న సంగతి కాదు. అమెరికాలో 1970ల నుంచి వెంబడించి చూసిన 1,380 మంది పూవా రోగుల్లో ఒక రకం చర్మ కేన్సరు ఎక్కువగా కనబడింది. నారోబ్యాండ్ యూవీబీ తీసుకున్న 3,867 మంది స్కాట్లండు రోగుల్ని 2008లో చూసినప్పుడు అలాంటి పెరుగుదల స్పష్టంగా కనిపించలేదు. అందుకే ఇప్పుడు ఎక్కువ ఆస్పత్రులు రెండోదానివైపే మొగ్గుతున్నాయి.

బాగా నమ్మకంగా అనిపించిన ఒక ఊహ వీగిపోయిన సందర్భమూ ఉంది. చర్మానికి గోడకట్టే ఫిలాగ్రిన్ అనే ప్రొటీను విరిగినప్పుడు యూరోకానిక్ ఆమ్లం వస్తుంది, అది యూవీబీని పీల్చుకుంటుంది. కాబట్టి ఫిలాగ్రిన్ జన్యువు దెబ్బతిన్నవాళ్లు తొందరగా కమిలిపోవాలి. తర్కం ఎక్కడా తప్పలేదు. 2016లో పరీక్షించి చూస్తే తేడా లేదు. జన్యువుల్లో తర్కం సరిపోవడం వేరు, మనిషి చర్మం మీద తేలడం వేరు.

అంకెలు ఎక్కడ తడబడుతున్నాయి

జబ్బు ఎవరికి వస్తుందో వెతికినవాళ్ల దగ్గర 36,466 మంది రోగులున్నారు. లైటు ఎవరికి పనిచేస్తుందో వెతికిన డబ్లిన్‌వాళ్ల దగ్గర 119 మంది. ఒకటికి మూడు వందల ఆరు రెట్లు. ఈ నిష్పత్తిలోనే సగం కథ ఉంది.

మిగతా సగం ఇది. పరిశోధనలో మామూలుగా వాడే నియమం ప్రకారం, నిజంగా సంబంధం లేని జన్యువు కూడా కాకతాళీయంగా సంబంధం ఉన్నట్టు కనిపించే అవకాశం నూటికి ఐదు. ఒక్క జన్యువును చూస్తే ఫరవాలేదు. ఇరవై జన్యువుల్ని చూస్తే? ఏ ఒక్కటీ మోసం చేయకుండా ఉండే అవకాశం 0.95ను ఇరవైసార్లు హెచ్చవేస్తే వచ్చేది, అంటే 36 శాతం. కనీసం ఒకటైనా అబద్ధం చెప్పే అవకాశం 64 శాతం. ఇరవై ఇళ్ల తలుపులు తడితే ఎవరో ఒకరు పొరపాటున తీస్తారు. అందుకే మొత్తం జన్యుపటాన్ని జల్లెడపట్టే పెద్ద అధ్యయనాలు నూటికి ఐదు అనే గీతను ఒప్పుకోవు. రెండు కోట్లలో ఒక వంతుకు దిగితేనే నమ్ముతాయి. చిన్న అధ్యయనాలు అబద్ధమని నేననడం లేదు. వాటిని ఇంకోచోట, ఇంకొందరి మీద మళ్లీ చేసి చూడకుండా రోగి చేతికి చీటీగా ఇవ్వకూడదు, అంతే.

సరే, రేపు ఒక పరీక్ష వచ్చిందే అనుకుందాం. తగ్గేవాళ్లలో నూటికి డెబ్భైమందిని సరిగ్గా పట్టుకుంటుంది, తగ్గనివాళ్లలోనూ నూటికి డెబ్భైమందిని సరిగ్గా పట్టుకుంటుంది. వినడానికి బాగుంది. వందమంది మీద పెట్టి చూద్దాం. వీళ్లలో 62 మందికి లైటు పనిచేస్తుంది, 38 మందికి పనిచేయదు. పరీక్ష ఆ 62లో 43 మందికి తగ్గుతుందని సరిగ్గా చెబుతుంది, 19 మందికి తగ్గదని తప్పు చెబుతుంది. ఆ 38లో 27 మందికి తగ్గదని సరిగ్గా చెబుతుంది, 11 మందికి లేని ఆశ పెడుతుంది.

ఇప్పుడు తగ్గదని చీటీ అందుకున్నవాళ్లు 46 మంది. వాళ్లలో 19 మందికి లైటు పెట్టి ఉంటే తగ్గేది. అంటే పదిమందిలో నలుగురిని అనవసరంగా వెనక్కి పంపినట్టు. వాళ్లు ఆ తరవాత ఎక్కడికి పోతారు? కాలేయాన్ని కనిపెట్టుకుంటూ వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌కు, లేదా ఖరీదైన ఇంజెక్షన్లకు. జన్యుపరీక్ష తప్పు చెబితే పోయేది పరీక్ష డబ్బులే కాదని ఇందుకే అంటున్నాను.

జన్యువు నిజంగా దారి చూపిన ఉదాహరణ సోరియాసిస్‌లోనే ఒకటుంది. అది లైటుది కాదు, ఉస్టెకినుమాబ్ అనే ఇంజెక్షనుది. 1,048 మంది రోగులున్న ఎనిమిది అధ్యయనాలను కలిపి 2019లో చూస్తే, ఆరు నెలలకు పాసీ-75 అందుకున్నవారు హెచ్‌ఎల్‌ఏ-సి*06:02 ఉన్నవాళ్లలో మధ్యస్థంగా 92 శాతం, లేనివాళ్లలో 67 శాతం. ఇంత స్పష్టమైన తేడా చర్మవైద్యంలో అరుదు. అయినా ఆ జన్యువు లేదని ఆ మందు ఆపేయాలని ఆ పరిశోధకులే అనలేదు. లేనివాళ్లలోనూ మూడింట రెండు వంతుల మందికి పనిచేస్తుంటే ఏ ముఖం పెట్టుకుని వద్దంటాం? వెయ్యిమంది మీద తేలిన తేడాకే ఇంత జాగ్రత్త అవసరమైతే, నూట పందొమ్మిది మంది మీద తేలినదానికి ఎంత కావాలి?

మూడో వారం

ఇంగ్లండులో న్యూకాసిల్ పరిశోధకులు ఈ చిక్కును ఇంకోవైపు నుంచి పట్టుకున్నారు. లైటు తీసుకుంటున్న వందమందికి వారం వారం పాసీ కొలిచి, 2021లో ఫలితం అచ్చువేశారు. రెండో వారం, మూడో వారం నాటికి స్కోరు ఏ వేగంతో దిగుతోందో చూస్తే, చివరికి ఎంత తేటపడుతుందో బాగానే అంచనాకు అందింది. బరువు ఎక్కువగా ఉండటం, పొగతాగటం ఫలితాన్ని దెబ్బతీసే వైపు నిలిచాయి.

నాకు ఈ మూడో వారపు స్కోరు అన్నిటికంటే విలువైన అంకెగా అనిపిస్తుంది. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, ఖర్చు లేదు. కావాల్సింది ఒక కాగితం, ఐదు నిమిషాల ఓపిక. ఒక రకంగా ఇదీ జన్యుపరీక్షే. మరమ్మతు జన్యువులు, విటమిన్ డి జన్యువు, రోగనిరోధక జన్యువులు, ఇంకా మనకు పేరు తెలియనివి, అన్నీ కలిసి ఆ కిరణానికి ఇచ్చే జవాబు మూడో వారానికి చర్మం మీద కనిపిస్తుంది. పెద్దమ్మ చీటీలో మొదటి రోజు అంకె ఉంది, చివరి రోజు అంకె ఉంది. మధ్యలో తొమ్మిది వారాలు ఖాళీ. మూడో వారంలో ఎవరైనా కొలిచి ఉంటే మోతాదు పెంచేవాళ్లో, పక్కన మందు జోడించేవాళ్లో, లేదా లైటు ఆపేసి ఉంటే ఆమెకు ఇరవై పూటల కుట్టుకూలైనా మిగిలేది.

అలాగని జన్యువుల దారి మూసేయాలని కాదు. ఆ దారి మనదాకా రావాలి. 2021 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో జరిగిన జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 86 శాతం యూరప్ మూలాలవాళ్లే. పైన చెప్పిన డబ్లిన్, డండీ, పోలండు రోగులదీ తెల్లచర్మమే. ఎర్రజుట్టు జన్యువు గురించి డండీలో తేలిన విషయం తెనాలిలో ఎందుకూ పనికిరాదు. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ, మొదలుపెట్టే మోతాదే ఎక్కువ, ఎండ ఏడాది పొడవునా ఉంటుంది, జన్యువుల్లో ఏ అక్షరం ఎంతమందికి ఉందో ఆ వాటాలు వేరు. జీనోమ్ ఇండియా పథకంలో దేశంలోని రకరకాల జనసమూహాల నుంచి పదివేల మంది పూర్తి జన్యుపటాలు చదివారు. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ అందులో భాగస్వామి. ఆ పటం పునాదిలాంటిది. దాని మీద కట్టాల్సిన గోడలు మన ఆస్పత్రుల్లోని చీటీలు. లైటు గదికి వచ్చే ప్రతి రోగికీ మొదటి రోజు, మూడో వారం, ఆరో వారం, చివరి రోజు పాసీ రాసిపెడితే, ఎన్నిసార్లు వచ్చారో రాసిపెడితే, ఒప్పుకున్నవారి దగ్గర కాస్త నెత్తురు దాచిపెడితే, 119 అనే అంకె వేలల్లోకి పెరగడానికి ఎన్నో ఏళ్లు పట్టదు. స్కోరు రాయని చీటీకి జన్యువు జతచేసినా ఏమీ తేలదు.

పెద్దమ్మకు నేను చెప్పిన జవాబు పొట్టిది. "నీ ఒంట్లో తేడా ఉంది పెద్దమ్మా, కానీ అదేంటో చెప్పే పరీక్ష ఇంకా రాలేదు. నువ్వు చేసిన తప్పేమీ లేదు." ఆమె కాసేపు మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "తప్పు నాది కాదంటే చాల్లే" అంది.

మీ ఇంట్లో ఎవరైనా లైట్ ట్రీట్‌మెంట్ మొదలుపెడుతుంటే, సోరియాసిస్‌కు లైటు పనిచేస్తుందో లేదో చెబుతామని ఎవరైనా జన్యుపరీక్ష అమ్మజూపితే, ఇప్పటికి ఆ డబ్బు బస్సు ఛార్జీలకు దాచుకోండి. మొదటి రోజే పాసీ ఎంతో అడిగి చీటీ మీద రాయించుకోండి. వెళ్లిన ప్రతిసారీ క్యాలెండరులో టిక్కు పెట్టుకోండి. మూడో వారం చివర ఆ చీటీ డాక్టరుగారి ముందు పెట్టి, ఇవాళ ఎంతుందో మళ్లీ కొలవమని అడగండి.